గొడవ తేల్చుకోవడమూ చదువులో భాగమే
శాంతి విద్యపై పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

దేశమంతటా శాంతి సంస్కృతిని ఎలా పెంచాలి అన్న అంశంపై ఉపాధ్యాయులు, యువజన సంఘాలు, విద్యార్థులు రాసిన ఉత్తరాల్లోంచి ఏడు ప్రశ్నలు ఎంచుకున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్ర: ఏటా సెప్టెంబరు 21న మా బడిలో శాంతి దినం జరుపుతాం. ఊరేగింపు, ప్రతిజ్ఞ, వక్తృత్వ పోటీ అన్నీ ఉంటాయి. వారం తిరక్కుండానే ఆటస్థలంలో మళ్లీ కొట్లాటలు. ఎందుకిలా? – ఒక ఉపాధ్యాయుడు

జ: ఆ రోజు మీరు చేసేవాటిలో తప్పేమీ లేదు. మిగతా ఏడాదిలో దానికి చోటు దొరకకపోవడమే చిక్కు. ఐక్యరాజ్యసమితి ఈ దినాన్ని 1981లో నెలకొల్పింది, తేదీని 2001లో ఖాయం చేసింది. అంతకుముందే, 1999 సెప్టెంబరు 13న, సర్వసభ్య సభ శాంతి సంస్కృతి గురించి ఒక ప్రకటననూ కార్యాచరణ ప్రణాళికనూ ఆమోదించింది. అందులో చెప్పిన ఎనిమిది రంగాల్లో మొట్టమొదటిది చదువు. మానవ హక్కులు, స్త్రీ పురుష సమానత్వం, ప్రజాస్వామ్యంలో భాగస్వామ్యం, స్వేచ్ఛగా సమాచారం అందడం వంటివి మిగతావి. ఒక్కరోజు వేడుకతో తీరే పని కాదని ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది.

పిల్లవాడు చెయ్యెత్తే ముందు ఆగాలంటే, ఆగడం అంతకుముందు ఎన్నోసార్లు అలవాటు చేసుకుని ఉండాలి. వారానికి ఒక పీరియడ్ కేటాయించండి. మొదటి నెలంతా ఒకే అభ్యాసం చాలు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు 2 నిమిషాలు మాట్లాడాలి, రెండోవారు మధ్యలో నోరు మెదపకూడదు. తర్వాత విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని మొదటివారు ఒప్పుకుంటేనే వంతులు మారాలి. పెద్దలకు కూడా మొదటిసారి ఇది కుదరదు. సగం విని సలహా ఇచ్చేస్తారు. రెండో నెలలో కోపాన్ని ‘నువ్వు ఎప్పుడూ ఇంతే’ అనకుండా ‘నువ్వు ఇలా చేసినప్పుడు నాకు ఇలా అనిపించింది, ఇలా చెయ్యమని అడుగుతున్నాను’ అని చెప్పడం నేర్పండి. వచ్చే ఏడు శాంతి దినాన ప్రసంగాలు తగ్గించి, ఏడాదిలో ఎన్ని తగాదాలు ఎలా తేలాయో పిల్లల చేతే చెప్పించండి.

ప్ర: శాంతి, శాంతి అని చెప్పేవాళ్లంతా చివరికి అన్యాయం జరిగినవాడినే సర్దుకుపొమ్మంటారు. శాంతి విద్య అంటే నోరు మూసుకోమని నేర్పడమేనా? – ఒక డిగ్రీ విద్యార్థిని

జ: మీ అనుమానం న్యాయమైనది. అలా నేర్పేచోట అది శాంతి విద్య కాదు. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లోనే ఒక తేడా స్పష్టంగా చూపించారు. కొట్టుకోవడం, చంపుకోవడం లేనంత మాత్రాన వచ్చేది ఒక రకం శాంతి. ఒకరి అవకాశాలను అణచివేసే ఏర్పాట్లు కూడా పోయినప్పుడు వచ్చేది రెండో రకం. చట్టాల్లో, జీతాల్లో, ఎవరికి బడి దగ్గరగా ఉంది అన్నదాంట్లో దాగిన హింసనూ ఆయన హింసగానే లెక్కించారు. ఆ హింసను మామూలేనని ఒప్పించే సామెతలు, కథలు, నమ్మకాలు కూడా అందులో పాత్రధారులేనని 1990లో మరో వ్యాసంలో చేర్చారు.

కాబట్టి మంచి శాంతి పాఠంలో అర్జీ రాయడం, సాక్ష్యం భద్రపరచడం, సభలో భయపడకుండా ఎదురు ప్రశ్న వేయడం ఉండాలి. ఒక రాజీ సరైనదో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేయండి. బలహీనుడైనవాడు ఈ రాజీకి ‘కాదు’ అనగలడా? అన్నా అతను నష్టపోకుండా ఉండగలడా? రేపటి నుంచి బలవంతుడు మార్చుకోవాల్సింది ఏమిటో అందులో రాసి ఉందా? మూడింట్లో ఒక్కదానికి ‘లేదు’ అనే జవాబు వచ్చినా ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఎవరినీ అడగకూడదు.

ప్ర: పిల్లల తగాదాలకు పిల్లలనే మధ్యవర్తులుగా పెట్టే పద్ధతి మా బడిలో మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి? – ఒక ప్రధానోపాధ్యాయురాలు

జ: ముందు మీ ఉపాధ్యాయులతో మొదలుపెట్టండి మేడమ్. పిల్లలు మాటలతో తేల్చుకోవాలని ఒకపక్క చెబుతూ, ఇంకోపక్క టీచరు బెత్తం పడితే పిల్లలు నేర్చుకునేది బెత్తాన్నే. సిబ్బంది అంతా అరరోజు కూర్చుని, ఏ తగాదా మధ్యవర్తుల దగ్గరికి వెళ్లాలి, ఏది నేరుగా పెద్దల దగ్గరికి రావాలి అన్న గీత రాతపూర్వకంగా గీసుకోవాలి. ఆయుధం, గాయం, లైంగిక వేధింపు, మత్తు పదార్థాలు, తనకు తాను హాని చేసుకుంటానని ఎవరైనా అనడం, పుట్టుకనో మతాన్నో రంగునో ఎత్తి అవమానించడం – ఇవేవీ పిల్లల మధ్యవర్తిత్వానికి రాకూడదు. ఒకే పిల్లవాణ్ని పదేపదే ఏడిపించడం కూడా రాకూడదు. అక్కడ తగాదా పడుతున్నది ఇద్దరు సమానులు కారు. బాధితుణ్ని వేధించినవాడి ఎదుట కూర్చోబెట్టి ‘నువ్వేం తగ్గుతావు’ అని అడగడం రెండో దెబ్బ అవుతుంది.

500 మంది ఉన్న బడికి 16 నుంచి 20 మంది మధ్యవర్తులు సరిపోతారు. ఎంపిక టీచర్లకే వదిలేస్తే మొదటి ర్యాంకు పిల్లలే వస్తారు, తగాదా పడేవాళ్లు వాళ్ల దగ్గరికి పోరు. ‘నీకు ఇబ్బంది వస్తే ఎవరితో చెప్పుకుంటావు’ అని అడిగి ప్రతి పిల్లవాడి చేతా రెండు పేర్లు చీటీ మీద రాయించండి. ఎక్కువసార్లు వచ్చిన పేర్లలోంచి అబ్బాయిలు, అమ్మాయిలు, వేర్వేరు వర్గాల పిల్లలు, వేర్వేరు ఇంటి భాషల పిల్లలు ఉండేలా ఎంచుకోండి. గొడవలు పడతాడని పేరున్న ఒకరిద్దరినీ తప్పక తీసుకోండి. ఆటస్థలంలో అలాంటివాళ్ల మాటకే విలువ ఎక్కువ.

శిక్షణకు మొత్తం 12 నుంచి 15 గంటలు పడుతుంది. ఒకేసారి రెండు రోజుల్లో ముగించకుండా, వారానికి ఒక పూట చొప్పున నాలుగైదు వారాలు ఇవ్వండి. అందులో మూడొంతులు నటించి చూపే అభ్యాసమే ఉండాలి. ఆ తర్వాత నెలకోసారి ఒక గంట అందరూ కలిసి కష్టమైన సందర్భాల గురించి మాట్లాడుకోవాలి, పేర్లు చెప్పకుండా.

మధ్యవర్తులు జంటగా పనిచేస్తారు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, బయటివాళ్లకు మాటలు వినపడని చోటు, పిలిస్తే పలికే దూరంలో ఒక టీచరు ఉంటే చాలు. ఇద్దరూ ఇష్టపడి వచ్చారా అని మొదట అడగాలి. తిట్లు లేకుండా, అడ్డు తగలకుండా, నిజం చెబుతామని ఒప్పించాలి. ఒక్కొక్కరూ 3 నిమిషాలు చెప్పాక మధ్యవర్తి ఆ సారాంశాన్ని తిరిగి చెప్పాలి. అప్పుడు ‘నీకు ఏం కావాలి’ అని అడిగి, వెంటనే ‘అది నీకు ఎందుకు ముఖ్యం’ అని అడగాలి. మొత్తం వ్యవహారానికి కీలకం ఈ రెండో ప్రశ్నే. బంతి నాకే కావాలని ఇద్దరూ పట్టుబడతారు. ఎందుకని అడిగితే ఒకడికి ఆడటం కావాలి, ఇంకొకడికి నిన్న తనను జట్టులోంచి తీసేసిన అవమానం తీరాలి. తర్వాత ఇద్దరూ తోచిన పరిష్కారాలన్నీ చెప్పాలి, అప్పుడే మంచి చెడ్డలు ఎంచకూడదు. చివరికి ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా అన్నది రెండు మూడు వాక్యాల్లో రాసి సంతకాలు చేయాలి. అంతా 20 నుంచి 30 నిమిషాల్లో అయిపోతుంది. వారం తర్వాత మాట నిలిచిందో లేదో మధ్యవర్తులు కనుక్కోవాలి. చాలా బళ్లు ఈ ఒక్క పని వదిలేస్తాయి, ఒప్పందాలు అందుకే చెడిపోతాయి.

పథకం కూలిపోయే దారులు కొన్ని ముందే తెలుసుకోండి. ‘మధ్యవర్తుల దగ్గరికి పో’ అన్న మాట శిక్షలా వినిపిస్తే ఎవరూ ఇష్టంగా రారు. లోపల ఏం జరిగిందో చెప్పమని టీచరు ఒక్కసారి ఒత్తిడి చేసినా నమ్మకం పోతుంది. ప్రాణహాని, వేధింపు బయటపడితే మాత్రమే గోప్యత వీడాలని పిల్లలకు మొదట్లోనే చెప్పి ఉంచాలి. మధ్యవర్తి న్యాయమూర్తిగా మారి ‘తప్పు నీదే’ అని తీర్పు చెప్పడం తరచూ జరిగేదే, నెలవారీ సమావేశంలో దిద్దాలి. పై తరగతి పిల్లలనే తీసుకుంటే మరుసటి ఏడు వాళ్లు వెళ్లిపోతారు, పథకం కూడా వాళ్లతోనే పోతుంది. అందుకే ప్రతిసారీ రెండు వరుస తరగతుల నుంచి తీసుకోండి.

ప్ర: పడని రెండు వర్గాల పిల్లలను ఒకే బెంచీలో కూర్చోబెట్టాం. దగ్గరవుతారనుకుంటే దూరం ఇంకా పెరిగింది. – ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్

జ: పక్కపక్కన కూర్చోవడంతోనే స్నేహం పుట్టదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లో నాలుగు షరతులు చెప్పారు. ఆ చోట రెండు వర్గాలకూ సమాన స్థాయి ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, సహకరిస్తేనే అది నెరవేరాలి, పైఅధికారి దాన్ని బాహాటంగా సమర్థించాలి. మీ తరగతిలో మార్కుల పోటీ ఉంటే రెండోదీ మూడోదీ లేవన్నమాట.

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో బళ్లలో వేర్వేరు జాతుల పిల్లలను కలిపినప్పుడు ఉద్రిక్తత పెరిగింది. మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్‌సన్ బృందం అక్కడ రూపొందించిన పద్ధతి మీకు పనికొస్తుంది. ఐదారుగురితో కలగలుపు బృందాలు చేయండి. పాఠాన్ని అన్నే ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్క ముక్కే ఇవ్వండి. ఒకే ముక్క అందుకున్నవాళ్లు వేర్వేరు బృందాల నుంచి వచ్చి కాసేపు కలిసి చదువుకుంటారు. తర్వాత ఎవరి బృందానికి వాళ్లు వెళ్లి తమ ముక్క బోధిస్తారు. చివర్లో పాఠం మొత్తం మీద పరీక్ష ఉంటుంది. పక్కవాడి మాట వినకపోతే నా మార్కులే పోతాయి కాబట్టి వెక్కిరింత దానంతటదే తగ్గుతుంది. గట్టిగా మాట్లాడేవాడు పెత్తనం చేయకుండా బృంద నాయకత్వం రోజూ మార్చండి. చదవడంలో వెనకబడిన పిల్లలకు ముందు కలిసి చదువుకునే దశలో ఎక్కువ సమయం ఇవ్వండి, లేకపోతే అందరి ముందూ తడబడి మరింత చిన్నబోతారు. ఒక్క విహారయాత్రతోనో, ఒక్క పాఠంతోనో ఫలితం ఆశించవద్దు. కొన్ని వారాలపాటు క్రమం తప్పకుండా సాగాలి.

ప్ర: ఊళ్లో ఉద్రిక్తత ఉన్నప్పుడు ఫోన్లలో పుకార్లు పాకుతాయి. మేం ‘అబద్ధం’ అని పోస్టు పెట్టేలోపే అందరికీ చేరిపోతోంది. ఏం చేయాలి? – ఒక యువజన సంఘం

జ: పుకారు పుట్టాక పరిగెత్తడం కంటే పుట్టకముందే ఏర్పాటు చేసుకోవడం తేలిక. ప్రతి వర్గం నుంచీ తమవాళ్లు నమ్మే ముగ్గురు నలుగురి ఫోన్ నంబర్లు ఒక జాబితాగా పెట్టుకోండి. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరు చోటికి వెళ్లి చూడాలో, పోలీసులతో ఎవరు మాట్లాడాలో మామూలు రోజుల్లోనే తేల్చుకోండి. వార్త రాగానే మొదటి పని నిర్ధారణ: ఎవరు కళ్లారా చూశారు, ఫోటో ఎప్పటిది, అదే బొమ్మ పాత వార్తల్లో ఉందా?

ఖండన రాసేటప్పుడు నిజంతో మొదలుపెట్టండి. ‘ఫలానా చోట ఫలానా జరిగిందన్నది అబద్ధం’ అని రాస్తే, చదివినవాడి బుర్రలో మిగిలేది ఆ ఫలానాయే. ఏం జరిగిందో ముందు చెప్పి, పుకారును ఒక్కసారి ముక్తసరిగా ప్రస్తావించి, మళ్లీ నిజంతో ముగించండి. అసలు పుకారు స్క్రీన్‌షాట్‌ను పంచవద్దు. ఖండించడానికి పంచినా అది ప్రచారమే. ఏ వర్గంలో పుకారు తిరుగుతోందో ఆ వర్గం మనిషి గొంతుతోనే ఖండన వెళ్లాలి.

రెచ్చగొట్టే ప్రసంగంపై ఫిర్యాదు చేయాలంటే, ప్రతి చేదు మాటా నేరం కాదని గుర్తుంచుకోండి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చేపట్టిన చర్చల ఫలితంగా 2012లో వచ్చిన రబాత్ కార్యాచరణ ప్రణాళిక ఆరు కొలతలు ఇచ్చింది: అప్పటి పరిస్థితి, మాట్లాడినవాడి పలుకుబడి, ఉద్దేశం, మాటల్లోని విషయమూ తీరూ, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత దగ్గరగా ఉంది. మీ ఫిర్యాదును ఈ ఆరింటి వరుసలో రాసి, లింకు, తేదీ, సమయం జతచేయండి.

1994లో రువాండాలో జరిగిన మారణకాండలో ద్వేషాన్ని ఇంటింటికీ మోసింది రేడియోనే. పదేళ్లకు అదే దేశంలో సయోధ్య కోసం ఒక రేడియో నాటకం మొదలైంది. దాన్ని ఏడాదిపాటు విన్న బృందాలను, ఆరోగ్య నాటకం విన్న బృందాలతో ఎలిజబెత్ లెవీ పలక్ అనే పరిశోధకురాలు పోల్చి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. కానీ ‘మా వాళ్లు దేన్ని మెచ్చుతారు, దేన్ని మెచ్చరు’ అన్న అంచనా మారింది, ప్రవర్తన కూడా మారింది. ప్రచారం చేసేవాళ్లందరూ దీన్ని పట్టించుకోవాలని మా గట్టి అభిప్రాయం. ‘ద్వేషించకండి’ అని వేడుకోవడం కంటే, ‘ఇక్కడ ఎక్కువమంది ఇలాంటివి ఫార్వర్డ్ చేయరు’ అని (అది నిజమైనప్పుడు) కనబడేలా చేయడం ఎక్కువ పనిచేస్తుంది.

ప్ర: శాంతి విద్యను దేశమంతటా తప్పనిసరి చేయాలని ప్రభుత్వాన్ని కోరబోతున్నాం. వినతిపత్రంలో ఏం ఉండాలి? – కొన్ని స్వచ్ఛంద సంస్థలు

జ: ‘శాంతి విద్య ప్రవేశపెట్టాలి’ అన్న ఒక్క వాక్యంతో వెళితే ఒక ఉత్తర్వు వస్తుంది, ఆ తర్వాత ఏమీ రాదు. ఇతర దేశాలు ఏం రాసుకున్నాయో చూడండి. ఫిలిప్పీన్స్‌లో 2006 నాటి 570వ కార్యనిర్వాహక ఉత్తర్వు పాఠశాల పాఠ్యప్రణాళికనూ ఉపాధ్యాయ విద్యనూ కలిపి చెప్పింది. ఉపాధ్యాయ విద్యను వదిలేయకపోవడమే అందులోని తెలివి. కొలంబియా 2014లో 1732వ చట్టంతో అన్ని విద్యాసంస్థల్లోనూ శాంతి పాఠాన్ని తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది వచ్చిన నిబంధనల్లో 12 అంశాలిచ్చి, కనీసం రెండింటిని ప్రతి బడీ చేపట్టాలని, సాంఘిక శాస్త్రం, ప్రకృతి శాస్త్రం, నైతిక విద్యల్లో ఏదో ఒకదానిలో చేర్చాలని చెప్పింది. బడికి స్వేచ్ఛా ఉంది, తప్పించుకునే వీలూ లేదు. ఘనా 2011లో చట్టం చేసి జాతీయ శాంతి మండలిని ఏర్పాటు చేసింది. ప్రాంత, జిల్లా స్థాయిల్లోనూ మండళ్లకు అందులో చోటిచ్చింది. బడి బయట పెద్దల తగాదాలకు ఇలాంటి నిర్మాణం లేకపోతే, బడిలో నేర్చింది వాడుకునే చోటు ఉండదు.

మీ పత్రం రెండు పేజీలు దాటకూడదు. బాధ్యత ఏ శాఖది, ఏ తరగతుల్లో ఎన్ని గంటలు, టీచర్ల శిక్షణ ఎక్కడ, డబ్బు ఏ పద్దు కింద, ఏటా నివేదిక ఎవరి ముందుకు వెళ్లాలి – ఈ ఐదూ స్పష్టంగా ఉండాలి. 2023 నవంబరులో యునెస్కో మహాసభ తన 1974 నాటి సిఫారసును సవరించి, శాంతి, మానవ హక్కులు, సుస్థిర అభివృద్ధి కోసం విద్య అనే సిఫారసును ఆమోదించింది. మీ దేశం ఆ సంస్థలో సభ్యురాలైతే దాన్ని ఉటంకించండి. కొత్తగా ఏదో అడుగుతున్నారన్న అభ్యంతరం అక్కడితో తగ్గుతుంది.

సమయం చాలా ముఖ్యం. బడ్జెట్ ప్రతిపాదనలు శాఖల్లో తయారయ్యే నెలల్లో, పాఠ్యపుస్తకాల సవరణ సంఘం కూర్చునే ముందు వెళ్లండి. సభలో పద్దు ఆమోదం పొందాక ఇచ్చే వినతి మరో ఏడాది ఆగాల్సిందే. మంత్రిని ఒక్కసారి కలిసి ఫోటో దిగడం కంటే, ఫైలు రాసే అధికారితో రెండు మూడుసార్లు మాట్లాడటం మేలు. అధికార పక్షంతో పాటు ప్రతిపక్ష సభ్యులనూ, ఉపాధ్యాయ సంఘాలనూ మొదటి నుంచీ కలుపుకోండి. ఒకే పార్టీ పథకంగా పేరు పడితే ప్రభుత్వం మారిన రోజే ఆగిపోతుంది. ‘టీచర్ల మీద ఇంకో భారం’ అన్న అభ్యంతరం వస్తుంది, అది నిజమైన అభ్యంతరమే. చిన్న తరగతుల్లో వేరే సబ్జెక్టు అడగకుండా భాష, సాంఘిక శాస్త్ర పాఠాల్లో కలపమనండి. ఉపాధ్యాయ శిక్షణలో మాత్రం విడి పేపరుగా ఉండాలని పట్టుబట్టండి.

ప్ర: చరిత్ర పాఠాల్లో పాత యుద్ధాలు, ఊచకోతలు చెబితే పిల్లల్లో పగ పెరగదా? వదిలేస్తే మంచిది కదా? ఇదంతా పనిచేస్తోందో లేదో ఎలా కొలవాలి? – ఇద్దరు ఉపాధ్యాయుల ఉత్తరాలు

జ: వదిలేయవద్దు. బడి చెప్పని చరిత్రను వీధి చెబుతుంది, ఒకవైపే చెబుతుంది. ఒకే సంఘటనపై రెండు పక్షాల పత్రాలు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒప్పుకునేది ఏమిటో, విభేదించేది ఎక్కడో పిల్లల చేత వెతికించండి. రెండు ప్రపంచ యుద్ధాల్లో శత్రువులైన ఫ్రాన్స్, జర్మనీలకు 2006 నుంచి ఉన్నత పాఠశాల స్థాయిలో ఒకే విషయంతో రెండు భాషల్లో అచ్చయిన ఉమ్మడి చరిత్ర పాఠ్యపుస్తకం ఉంది. ఆ కోరిక 2003లో బెర్లిన్‌లో జరిగిన యువ పార్లమెంటులో విద్యార్థుల నుంచే వచ్చింది.

కొలత సంగతికొస్తే, మొదలుపెట్టకముందే ఒక పూర్తి టర్ము లెక్కలు రాసి ఉంచండి: ఫిర్యాదులు, సస్పెన్షన్లు, గైరుహాజరీ. పథకం మొదలైన తొలి నెలల్లో ఫిర్యాదులు పెరగవచ్చు. అంతవరకూ దాచుకున్నవాళ్లు ఇప్పుడు చెబుతున్నారని అర్థం, దాన్ని వైఫల్యంగా పైకి నివేదించి పథకాన్ని ఆపేయవద్దు. ‘నీకు ఇతర వర్గాలంటే ఇష్టమా’ అని అడిగితే టీచరుకు నచ్చే జవాబే వస్తుంది. ‘నీ తరగతిలో ఎవరినైనా ఏడిపిస్తుంటే ఎక్కువమంది ఏం చేస్తారు’ అని పేరు రాయించకుండా అడగండి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరు ఎవరితో కూర్చున్నారో నెలకో రోజు గుర్తు పెట్టుకోండి. మధ్యవర్తుల ఒప్పందాల్లో నెల తర్వాత కూడా నిలిచినవి ఎన్నో విడిగా లెక్కించండి. ఈ అంకెలన్నీ కనీసం మూడు టర్ములు ఒకే పద్ధతిలో, ఒకే ఫారంలో రాయాలి. మధ్యలో ఫారం మారిస్తే పాత లెక్కతో కొత్త లెక్కను పోల్చడం కుదరదు.